లాంకషైర్ పత్రికలో బొమ్మ

గూ వాన్‌ఫెన్‌ది షాంఘై కాదు, వూషీ. మొదట్లో ఆ సంగతి చెప్పేది, తర్వాత మానేసింది. హాంకాంగ్‌లోని చువెన్‌వాన్ మిల్లులో పనిచేసే కాంటనీసు ఆడపిల్లలకు ఉత్తరాది నుంచి వచ్చిన ప్రతివాళ్ళూ షాంఘైవాళ్ళే. అందుకని ఆమె హాస్టల్లో షాంఘై అక్కగా స్థిరపడిపోయింది.

కమ్యూనిస్టులు యాంగ్‌ట్సీ నది దాటకముందే మిల్లు యజమాని మరమగ్గాలన్నీ విప్పించి, పెట్టెల్లో సర్దించి, హాంకాంగ్ ఓడ ఎక్కించాడు. వాటిని నడపగలవాళ్ళను కూడా కొందర్ని వెంట తెచ్చాడు. అప్పటికి వాన్‌ఫెన్ భర్త పోయి ఏడాది. పిల్లల్లేరు. అత్తవారింట్లో ఆమె ఉన్నదీ లేనిదీ పట్టించుకునే మనిషి లేడు. మగ్గాల వెంట తనూ వచ్చేసింది. ఆమెతో వచ్చిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే పెళ్ళి చేసుకునో, వేరే మిల్లుకు మారో వెళ్ళిపోయారు. ఒకామె క్షయతో పోయింది. పదేళ్ళు తిరిగేసరికి హాస్టల్లో ఆమె మాట మాట్లాడేవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు.

కాంటనీసు వచ్చు. కానీ అది ఉప్పూ పప్పూ కొనడానికి సరిపోయే కాంటనీసు. కాస్త పొడుగు మాట ఎత్తితే పలుకు ఎక్కడో వంకర పోయేది, పిల్లలు ఫక్కున నవ్వేవాళ్ళు. చెడ్డపిల్లలు కారు, పదిహేడు, పద్దెనిమిదేళ్ళ వయసు, నవ్వొస్తే ఆపుకోలేరు. అయినా ఆమె మాటలు తగ్గించుకుంటూ వచ్చింది. మగ్గాల షెడ్డులో ఎలాగూ ఎవరి మాటా ఎవరికీ వినబడదు. అక్కడ ఆమె అందరితో సమానం. షిఫ్టు దిగి చెవుల్లో హోరు తగ్గాకే తను ఒంటరినని తెలిసివచ్చేది.

ఆ ఏడు మిల్లంతా లాంకషైర్ మాటే. హాంకాంగ్‌ను ఏలే ఇంగ్లండులో అదొక నేతసీమ. ఒకప్పుడు లోకానికంతటికీ గుడ్డ కట్టబెట్టింది. ఇప్పుడు ఇక్కడి కోరా గుడ్డ సుంకం లేకుండా అక్కడ దిగుతుంటే వాళ్ళ మిల్లులు మూతబడుతున్నాయట. మీ అంతట మీరు ఎగుమతి తగ్గించుకోండి, లేదంటే మేమే తలుపులు మూస్తాం అని అక్కడి యజమానులూ కూలీలూ ఒక్కటై అరుస్తున్నారట. ఇక్కడి యజమానులు తగ్గేది లేదంటున్నారు.

"మనల్ని ఏలేదీ వాళ్ళే, మన గుడ్డ కొనేదీ వాళ్ళే, మనకి పోటీ కూడా వాళ్ళే," అన్నాడు వంటశాల ఫాట్ బాబాయి గంజి వడ్డిస్తూ. "అంపైరే బ్యాటు పట్టుకుంటే ఇంక మనం ఆడేదేంటి?"

"నీకు క్రికెట్టు ఎప్పుడు తెలుసు బాబాయ్?" అంది సావ్‌లిన్. వాన్‌ఫెన్ పక్క మగ్గాలు చూసే పిల్ల, హాస్టల్లో ఆమెకు పై మంచంలో పడుకునేది.

"దొరల క్లబ్బులో గిన్నెలు తోమానమ్మా ఆరేళ్ళు. ఆట చూళ్ళేదు గానీ తిట్లన్నీ వచ్చు."

వాన్‌ఫెన్‌కు సగం అర్థమైంది. అందరూ నవ్వారని తనూ నవ్వింది.

ఎండలు ముదిరే రోజుల్లో ఒక ఇంగ్లీషు ఫొటోగ్రాఫరు మిల్లు చూడ్డానికి వచ్చాడు. దాచేదేం లేదని యజమాని అంతా తిప్పి చూపించమన్నాడు. మిల్లు ఆఫీసులో ఇంగ్లీషు బాగా వచ్చిన యాన్ సార్ వెంట తిరిగాడు. ఫొటోగ్రాఫరు మగ్గాలు తీశాడు, బేళ్ళు తీశాడు, ఆఖరికి హాస్టలు చూస్తానన్నాడు.

ఆ రోజు వాన్‌ఫెన్‌కు సెలవు. గదిలో మిగతావాళ్ళంతా ఊళ్ళోకి పోయారు. ఆమె కింది మంచంమీద కూర్చుని, ఉప్పులో ఊరిన ఆకుకూరతో అన్నం తింటోంది. తలుపులో దొర కనబడగానే గిన్నె పక్కన పెట్టి లేచింది. అతను కెమెరా చూపించి తీయనా అన్నట్టు సైగ చేశాడు. ఆమె దుప్పటి సర్ది, గబగబా తల దువ్వుకుంది. అతను వద్దు వద్దని చెయ్యి ఊపి, ఇందాకటిలాగే కూర్చోమన్నాడు. ఆమె కూర్చుంది. కెమెరాను ఎలా చూడాలో తెలియక గోడకేసి చూసింది. అప్పుడు తీశాడు.

"నాకొకటి ఇస్తారా అని అడగండి," అంది యాన్ సార్‌తో.

అడిగాడు. దొర నవ్వి తలూపాడు. చాలారోజులు ఆమె ఆ బొమ్మకోసం ఎదురుచూసింది. దాన్ని పంపుకోడానికి తనవాళ్ళంటూ ఎవరూ లేరు. ఊరికే, పదేళ్ళ తర్వాత తన ముఖం ఎలా మారిందో చూసుకోవాలని.

బొమ్మ వచ్చింది, కానీ ఆమె అనుకున్నట్టు కాదు. వర్షాలు ముగిశాక ఒక మధ్యాహ్నం ఆఫీసునుంచి పిలుపొచ్చింది. యాన్ సార్ బల్లమీద ఇంగ్లీషు పత్రిక పరిచి ఉంది. అందులో అరపేజీ మేర ఆమె. వెనక రెండంతస్తుల మంచాల వరస, మంచం కమ్మీలకు ఆరేసిన తువ్వాళ్ళు, పక్కన సగం తిన్న గిన్నె. కెమెరా ఎటునుంచి తీసిందో గానీ ఆ కమ్మీలు జైలు కడ్డీల్లా పడ్డాయి.

"లాంకషైర్ పత్రిక ఇది. ఏం రాశాడో తెలుసా?" అన్నాడు యాన్. "హాంకాంగ్ మిల్లుల్లో ఆడకూలీలు పంజరాల్లో బతుకుతున్నారట. ఈమెను చూడండి, ఈమె చవక చేతులతో పోటీపడలేకే మన మిల్లులు మూతబడుతున్నాయి అని. యజమాని మండిపడుతున్నాడు. అసలు నువ్వలా ఏడుపు మొహం ఎందుకు పెట్టావు?"

"పెట్టలేదు సార్," అంది వాన్‌ఫెన్. "నా మొహమే అంత."

యాన్ పత్రికను ఆమెవైపు తిప్పాడు.

ఆమె ఆ బొమ్మను చాలాసేపు చూసింది. దొర అబద్ధం రాశాడు. ఆ మంచం ఆమెకు బాధ కాదు, అన్నమూ బాధ కాదు. ఇంటి దగ్గర ఇంతకన్నా ఇరుకులో బతికింది. కానీ ఆ ముఖంలో ఉన్నది మాత్రం అబద్ధం కాదు. తనకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నదాన్ని అంత దూరాన ఊరూపేరూ తెలియనివాళ్ళు పొద్దున్నే టీ తాగుతూ చూసేశారు. చూసి, మిల్లు యజమాని తప్పు అనుకున్నారు.

సంగతి హాస్టలంతా పాకింది. షాంఘై అక్క ఏడుపు మొహం వల్ల మన నోటికాడి కూడు పోయేట్టుందని ఎవరో అన్నారు. మర్నాటినుంచి నీళ్ళ కుళాయి దగ్గర ఆమె వస్తే మాటలు ఆగిపోయేవి. సావ్‌లిన్ ఒక్కతే మొహమాటం లేకుండా అడిగింది.

"నిజంగా నువ్వేం చెప్పలేదా అక్కా ఆయనతో?"

"నాకు మీతోనే మాట్లాడ్డం సరిగ్గా రాదు. ఇంగ్లీషు దొరతో ఏం చెప్తాను?"

"అదీ నిజమే," అంది సావ్‌లిన్. నవ్వాపుకోవాలని చూసింది గానీ ఆగలేదు. ఈసారి వాన్‌ఫెన్‌కు ఆ నవ్వు హాయిగానే అనిపించింది.

పత్రికవాడికి జవాబు చెప్పాలని యజమాని పట్టుబట్టాడు. అదే మనిషిని నవ్వుతూ, ఇంటిపట్టున, వేడివేడి భోజనం ముందు చూపించాలన్నాడు. ఇల్లంటే మొగుడు కావాలి. మొగుడిగా కూర్చోడానికి యాన్ సార్ వెతికి వెతికి స్పిన్నింగు వైపు పనిచేసే డింగ్ మేస్త్రిని పట్టుకొచ్చాడు. ఆ వసంతంలోనే వేరే మిల్లునుంచి వచ్చిన మనిషి. నలభై అయిదు దాటాయి, చెంపలు నెరిశాయి, చేతులకు ఎప్పుడూ యంత్రం నూనె. ఉద్యోగుల క్వార్టర్సులో ఒక గది ఖాళీ చేయించి బల్ల వేశారు. ఫాట్ బాబాయి ఆవిరిమీద ఉడికించిన చేపా, పంది మాంసమూ, పుట్టగొడుగులూ పంపాడు. గేటు కావలివాడి నాలుగేళ్ళ కూతుర్ని తెచ్చి మధ్యలో కూర్చోబెట్టారు. చేపమీద కన్నేసిన ఆ పిల్ల ఎవరు నవ్వమన్నా నవ్వలేదు.

"కాస్త దగ్గరికి జరగండి," అన్నాడు స్టూడియోనుంచి వచ్చిన ఫొటోగ్రాఫరు. "మేస్త్రిగారూ, ఆవిడ గిన్నెలో చేపముక్క పెడుతున్నట్టు పట్టుకోండి. ఆఁ. అమ్మా, నవ్వాలి."

వాన్‌ఫెన్‌కు నవ్వు రాలేదు. డింగ్ మేస్త్రి చాప్‌స్టిక్కులతో ముక్క పట్టుకుని, పెదవులు కదపకుండా, ఆమె భాషలోనే గొణిగాడు. "ఈ చేపకి ఉప్పు లేదు, పంచదార లేదు. పాపం చచ్చింది కూడా తెలీనట్టుంది దానికి."

అతనిది చాంగ్‌జౌ, వూషీకి పక్క ఊరే. యాస అచ్చం తమ ఊరి యాస. ఆమె పకాలున నవ్వింది. కెమెరా టక్కుమంది.

ఫొటోగ్రాఫరు వెళ్ళిపోయాడు. పిల్ల తనకు కావలసింది తిని తండ్రి దగ్గరికి పరిగెత్తింది. వండింది ఎలాగూ పారేయలేంగా, తినెయ్యండి అని యాన్ సార్ కూడా వెళ్ళిపోయాడు. బల్లకు ఇద్దరే మిగిలారు.

"మీరు వూషీలో ఎక్కడ?" అన్నాడు డింగ్.

"దక్షిణ ద్వారం బయట, కాలవ ఒడ్డున. పడవలవాళ్ళు తెల్లారకముందే అరిచేవాళ్ళు."

"తామరదుంపలు అమ్మేవాళ్ళా?"

"తామరదుంపలు, తెల్లచేపలు. మా అత్తగారు పక్కటెముకల కూర ఎంత తీపిగా చేసేదో. ఇక్కడివాళ్ళకి చెప్తే పాయసమా అని అడుగుతారు."

"మీరు తినండి, చల్లారిపోతోంది."

ఆమె తింటూ మాట్లాడింది, మాట్లాడుతూ తింది. ఏళ్ళుగా వాడని మాటలు ఒక్కొక్కటే నోటికి వస్తుంటే వాటి రుచి కూడా తెలుస్తోంది. బయటికి వచ్చేసరికి గొంతు బొంగురుపోయింది. అంతసేపు ఎప్పుడు మాట్లాడిందో గుర్తులేదు.

తర్వాతి సెలవునాడు డింగ్ మేస్త్రి హాస్టలు గేటు దగ్గరికి టిఫిను డబ్బా పట్టుకుని వచ్చాడు. కిరసనాయిలు పొయ్యిమీద తనే వండిన పక్కటెముకలు, సోయా పులుసూ పంచదారా వేసి. కాస్త మాడాయి. ఇద్దరూ పడవల రేవు దాకా నడిచి రాళ్ళమీద కూర్చుని తిన్నారు. ఆ తర్వాత ప్రతి సెలవునాడూ అలాగే. అతను మాటల్లోనే చెప్పేశాడు, దాచలేదు. భార్య చాంగ్‌జౌలోనే ఉండిపోయింది, పేరు ఫెంగ్‌షియన్. రావడానికి చైనా సర్కారును అనుమతి అడిగి ఏళ్ళయింది, ఇస్తారో ఇవ్వరో.

"ఇస్తార్లెండి," అంది వాన్‌ఫెన్. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నదా అని తర్వాత తనే అనుమానపడింది.

మిల్లులో ఆమెను ఫొటో పెళ్ళాం అని ఏడిపించేవాళ్ళు. కుళాయి దగ్గర మాటలు ఆగడం మాత్రం మానేశాయి. జనాలకు ఎగతాళి చేయడానికి ఏదో ఒకటి దొరికితే కోపం మర్చిపోతారు. చలి మొదలయ్యేసరికి డింగ్ ఆమెను నువ్వు అనడం మొదలుపెట్టాడు. ఎప్పుడు మారాడో ఇద్దరిలో ఎవరూ గమనించనట్టే ఉండిపోయారు. ఆమె మంచానికి తీగ లాగి చిన్న దీపం పెట్టించాడు. ఆమె అతని చొక్కా కాలర్లు తిరగేసి కుట్టింది. అంతకుమించి ఏమీ జరగలేదు. జరగాలని ఆమె ఎదురుచూడలేదని చెప్పలేం.

నవ్వుతున్న ఆ ఫొటో లాంకషైర్ చేరనేలేదు. అక్కడికి పంపే లోపలే యజమానుల సంఘం లొంగిపోయింది. ఏడాదికి ఇంతకుమించి గుడ్డ పంపబోమని సంతకాలు చేశారు. యాన్ సార్ వంటశాలలో నిలబడి అందరికీ చదివి వినిపించాడు.

"మనంతట మనమే ఇష్టపడి తగ్గించుకున్నాం అని రాశారు," అన్నాడు.

"మొగుడు కొట్టి, నేనే జారిపడ్డానని చెప్పు అన్నట్టుంది," అన్నాడు ఫాట్ బాబాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కొత్త సంవత్సరం పండగ ముందర కోరా గుడ్డ నేసే షెడ్డులో రాత్రి షిఫ్టు ఎత్తేశారు. సగం మగ్గాలమీద గోనెపట్టాలు కప్పారు. ఇళ్ళున్న పిల్లలు ఇళ్ళకు పోయారు, మిగతావాళ్ళు ప్లాస్టిక్ పూలు చేసే ఫ్యాక్టరీల్లో చేరారు. సావ్‌లిన్ కూడా పరుపు చుట్టుకుంది.

"పూలపని తేలికట అక్కా. రేకులు గుచ్చడమే. నువ్వూ రా."

"నాకు మగ్గం తప్ప ఏం వచ్చు?"

"మగ్గం పుట్టుకతో వచ్చిందా ఏంటి?" అంది సావ్‌లిన్. కాసేపు నిలబడింది. వాన్‌ఫెన్ కదలకపోయేసరికి, "చలికాలం పై మంచం దుప్పటి కూడా తీసుకో, గాలి అటునుంచే వస్తుంది," అని చెప్పి వెళ్ళిపోయింది.

పాత మనిషి అని వాన్‌ఫెన్‌ను పగటి షిఫ్టులో ఉంచారు. పదహారు మంచాల గదిలో నలుగురు మిగిలారు. సగం మగ్గాలు ఆగిపోయిన షెడ్డులో ఇప్పుడు మాటలు వినబడుతున్నాయి. అదే ఆమెకు అన్నిటికన్నా వింతగా ఉండేది.

వసంతంలో డింగ్ భార్యకు అనుమతి వచ్చింది. మకావు మీదుగా వస్తోంది. ఆ సంగతి డింగ్ రేవు దగ్గరే చెప్పాడు, రాళ్ళమీద కూర్చోకుండా, నిలబడి.

"ఆమెకి ఇక్కడ ఎవరూ తెలీదు. భాష రాదు. మొదటిరోజు వంటకి మీరొస్తే బాగుంటుంది," అన్నాడు.

మీరొస్తే అన్నాడు. వాన్‌ఫెన్ విన్నది.

"వస్తాను మేస్త్రిగారూ," అంది.

వెళ్ళింది. పక్కటెముకలు తనే వండింది, మాడకుండా. ఫెంగ్‌షియన్ బక్కచిక్కిన మనిషి. తొమ్మిదేళ్ళు ఒంటరిగా ఇల్లు నెట్టుకొచ్చిన అలసట కళ్ళకింద కనబడేది. వాన్‌ఫెన్ వూషీ మాట వినగానే చెయ్యి పట్టుకుని వదల్లేదు. "అక్కా, ఈ ఊళ్ళో అందరూ పోట్లాడుకుంటున్నట్టే ఉంది. మామూలుగా మాట్లాడుకోవడమే ఇలాగా?" అంది. వాన్‌ఫెన్ నవ్వి, కాంటనీసు అంతే, అలవాటవుతుంది అని చెప్పింది. తిరిగి వచ్చేటప్పుడు ఫెంగ్‌షియన్ చాంగ్‌జౌ ఎండు ముల్లంగి ముక్కల పొట్లం చేతిలో పెట్టింది. ఆ మనిషిని తిట్టుకుందామన్నా వాన్‌ఫెన్‌కు కారణం దొరకలేదు.

నెలా రెండు నెలలు రాకపోకలు సాగాయి. కూరలు ఎలా బేరమాడాలో, బొగ్గు ఎక్కడ దొరుకుతుందో అన్నీ వాన్‌ఫెనే చూపించింది. ఒకరోజు వెళ్ళేసరికి డింగ్ షిఫ్టులో ఉన్నాడు. ఫెంగ్‌షియన్ టీ పోసి, ఎదురుగా కూర్చుని, బల్లమీద ఫొటో పెట్టింది. స్టూడియోవాడు మేస్త్రికి ఒక కాపీ ఇచ్చినట్టుంది.

"చలిబట్టలు పెట్టెలో సర్దుతుంటే దొరికింది," అంది. "మిల్లువాళ్ళు తీయించారని ఆయన చెప్పారు. ఎందుకో కూడా చెప్పారు. నేను నమ్మాను."

"నిజమే చెప్పారు."

"పిల్ల ఎవరో కూడా చెప్పారు. అయినా అక్కా, మీరింతలా నవ్వుతున్నారే. ఈ నవ్వు కెమెరాకేనా?"

వాన్‌ఫెన్ తల వంచి ఫొటో చూసింది. తన నోరు పూర్తిగా తెరుచుకుని ఉంది, కళ్ళు మూసుకుపోయాయి. అంత నవ్వుతుందని తనకే తెలియదు. అవునంటే సరిపోయేది. ఆ మాటే నాలుక చివరదాకా వచ్చింది. కానీ ఇన్నాళ్ళకు తన భాషలో సూటిగా అడిగిన మనిషికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"కూర్చున్నది కెమెరాకే," అంది. "నవ్వింది ఆయన మాటకి. తర్వాత అన్నం తిన్నది ఆయనతో. చలికాలమంతా తిన్నాను. అంతే. మరేం లేదు."

ఫెంగ్‌షియన్ ఫొటోను తనవైపు లాక్కుంది. వీధిలో ఎవరో కోళ్ళను తోలుకుపోతున్నారు.

"మరేం లేదంటే నమ్ముతాను," అంది చివరికి. "కానీ తొమ్మిదేళ్ళు నేనూ ఒక్కదాన్నే తిన్నానక్కా. అన్నమంటే ఏంటో నాకు తెలుసు." కప్పులో టీ నింపింది. మర్యాదకు లోపం చేయలేదు. వాన్‌ఫెన్ లేస్తుంటే గుమ్మం దాకా వచ్చింది గానీ, మళ్ళీ ఎప్పుడొస్తారని అడగలేదు.

వాన్‌ఫెన్ మళ్ళీ వెళ్ళలేదు. ఎండాకాలంలో డింగ్ నగరానికి ఆ కొసన క్వున్‌తోంగ్‌లో కొత్త మిల్లులో చేరి కాపురం మార్చాడు. వెళ్ళేముందు షెడ్డుకు వచ్చాడు. మగ్గాల హోరులో ఏదో అన్నాడు. ఆమె పెదవులు చదివింది. ఒంటి జాగ్రత్త అన్నాడు. ఆమె తలూపి, తెగిన పడుగుపోగు అతికించడానికి వంగింది. లేచేసరికి అతను లేడు.

శరదృతువు వచ్చేసరికి అమెరికా బేరాలు మొదలయ్యాయి. లాంకషైర్ వద్దన్న గుడ్డ చొక్కాలై వేరే రేవుకు పోయింది. గోనెపట్టాలు తీసేశారు, రాత్రి షిఫ్టు మళ్ళీ మొదలైంది. "ఇప్పుడు అమెరికావాళ్ళు అరవడం మొదలుపెడతారు చూడు," అన్నాడు యాన్ సార్. హాస్టలు గది నిండిపోయింది. కొత్తపిల్లలకు పత్రిక సంగతీ తెలియదు, ఫొటో పెళ్ళాం సంగతీ తెలియదు. ఒకామె వచ్చీ రాగానే, మీది షాంఘైయా అని అడిగింది.

"వూషీ," అంది వాన్‌ఫెన్.

"అదెక్కడ?"

"షాంఘై దగ్గర్లేమ్మా," అని ఊరుకుంది.

సెలవునాళ్ళు ఆమె రేవుకు వెళ్ళడం మానలేదు. రాళ్ళమీద కూర్చోదు, నూడిల్స్ బండి దగ్గర బెంచీమీద కూర్చుంటుంది. ఆ రోజు గాలి బాగా ఉంది. బండివాడు కొత్తవాడు. రెండు గిన్నెలు తీసి, వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూశాడు.

"ఇద్దరా అమ్మా?"

"ఒక్కదాన్నే."

అతను ఒక గిన్నె లోపల పెట్టేశాడు. చేప ఉండలు వేసి, పైన ఉల్లికాడలు చల్లి ఇచ్చాడు. ఆమె పంచదార సీసా అడిగింది. అతను విచిత్రంగా చూశాడు గానీ ఇచ్చాడు. ఆమె గాలికి వీపు పెట్టి కూర్చుని వేడివేడిగా తింది. అవతలి ఒడ్డునుంచి పడవ వచ్చి జనాన్ని దించి, మళ్ళీ జనాన్ని ఎక్కించుకుని వెళ్ళిపోయింది.